తప్పు గడిలో సున్నా

జూన్ నెల. చిత్తూరు మునిసిపల్ ఆఫీసు, బిల్లుల సెక్షను.
ఫ్యాను గాలికి ఫారం పదహార్లు ఎగిరిపోకుండా
కట్టకొకటి చొప్పున బెంగళూరా కాయలు పెట్టాను.
ఎవరు తెచ్చారో, ఎవరి తోటవో,
పొద్దున నేనొచ్చేసరికే టేబులు కింద గోతం ఉంది.

పంపుహౌసు చెంగల్రాయుడు వచ్చినాడు,
చేతులకు గ్రీజు, చెవి మీద పెన్సిలు.
కాయ పక్కకు జరిపి తన కాగితం తనే తీసుకుని
కిటికీ వెలుతుర్లో చదివినాడు
మోటారు మీద మీటరు చూసినట్టు, ఒక్కో అంకె ఆగి ఆగి.

"నా జీతంలో కోసేది నాకు తెలుసు మేడమ్.
గవర్మెంటు కలిపేదీ తెలుసు.
అది అరవై ఏండ్లకి గదా కంట పడేది?
కంట పడని దుడ్డుకు
పోయినేడు పన్నెట్ల కట్టినా?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

ప్రభుత్వ వాటా అరవై రెండు వేల నాలుగు వందలు
ఆదాయంలో కలిపాను. కలపాల్సిందే.
కింద ఎనభై సీసీడీ రెండో గడిలో
అంతకంతా తీసేయాలి.
అక్కడ సున్నా.
నేను టైపు చేసింది కాదు. చెరిపిందీ లేదు.
కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిన నాటి నుంచీ
గడపలో పడుకున్న ఎవరిదో కుక్కలాగా అది ఉంటే
చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని
నెలనెలా దాటుకుంటూ పోయాను.

లెక్క మళ్లీ వేశాను. ఆ వాటా తీసేస్తే
ఆయన ఆదాయం ఐదు లక్షల లోపలే.
కట్టాల్సింది సున్నా.
కట్టించింది ఇరవై నాలుగు వేల నూట యాభై.
సున్నా ఉండాల్సిందే.
నాలుగు గడులు కిందకి.

ఒక్కడు కాదు. రాత్రి తొమ్మిదింటి దాకా వెతికితే
నలభై ఒక్క మంది, నాలుగేండ్లు.
ట్రెజరీకి ఫోను చేశాను.
"బిల్లు మొత్తం సరిపోయింది కదమ్మా, మాకంతే."
ఆడిటు ఆయన తన టిక్కు చూపించాడు,
ఆకుపచ్చ సిరా, చక్కటి టిక్కు.
కాణిపాకం బావి తవ్విన ముగ్గురన్నదమ్ముల్లో
ఒకడికి చూపు లేదు, ఒకడికి చెవుల్లేవు, ఒకడికి మాట లేదు.
అయినా గడ్డపార దేనికో తగిలిందని వాళ్లకు తెలిసింది.
మాకు అన్నీ ఉన్నాయి.

ఈ ఏటిది రిటర్నులో సరిదిద్దుకోవచ్చు.
వెనక మూడేండ్లకు గేటేశారు.
ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవాలంట.
ఎవరి ఆలస్యం, ఎవరిని మన్నించడం
ఆ అర్జీలో రాయడానికి చోటు లేదు.

జాబితాలో పదిహేడో పేరు ఫిట్టరు దొరసామి.
పోయి రెండేండ్లు.
ఆయన ఉద్యోగం కింద చేరిన గజలక్ష్మి
ఇప్పుడే నా ముందర నీళ్ల గ్లాసు పెట్టి పోయింది.
పిలిచి చెప్పాను. ఎట్ల చెప్పానో తెలీదు.
ఆమె కొంగుతో టేబులు మీది తడి తుడిచింది.
"ఒక ఫిబ్రవరి జీతం ఎనిమిది వేలే వచ్చె మేడమ్.
ఎక్కడో తాగి తగలేసినాడని
నేను రెండు దినాలు అన్నం పెట్టలే."
అంతే. గ్లాసు మార్చాలా అని అడిగింది.

అర్జీలు నేనే రాస్తున్నాను, చేత్తో.
కంప్యూటర్లో కొట్టొచ్చు. కొట్టను.
మొదటి వాక్యం ప్రతిదాంట్లో ఒకటే: తప్పు మా ఆఫీసుది.
పదకొండో అర్జీ దగ్గర కొట్టేసి 'నాది' అని దిద్దాను,
మిగిలినవి అట్లే రాశాను.

మా అవ్వ చెప్పేది:
అన్న తోటలో అడక్కుండా మామిడిపండు తిన్న తమ్ముడికి
రాజు రెండు చేతులూ నరికించాడంట.
బాహుదా ఏట్లో మునిగితే మళ్లీ మొలిచినాయంట.
ఇప్పుడు ఏట్లో ఇసకే.
నా వేళ్లకు సిరా.

నలభై ఒకటో కట్ట మీది కాయ పండింది.
ఆఫీసంతా వాసన.
కొరకబోయి ఆగాను.
"గజలక్ష్మీ,
ఈ గోతం ఎవరిదో కొంచెం కనుక్కో."