నూటతొమ్మిది డిగ్రీలు

రాత్రంతా ఆగిపోయి ఉన్న కంప్రెసర్
పొద్దున్న ఆరింటికి
నాకు నూటతొమ్మిది డిగ్రీల జ్వరమంటోంది.
ఎర్ర అంకెలు, కింద మోగని గంట బొమ్మ.
రీసెట్ నొక్కితే రెండు సెకన్లు ఊరుకుని
మళ్ళీ అదే మాట.

ఆయిల్ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించాను.
రాత్రి బయట వదిలేసిన బిందెలా ఉంది.

"కంట్రోలర్ పోనాదంతన్నారు కంపెనీవోళ్ళు,
ఎనభై ఐదు వేలంట" అన్నాడు షావుకారు లోకనాథం,
నా మొహంలో ఇంకో ధర వెతుకుతూ.
నేనేం చెప్పలేదు.
పలాసలో ఏ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళినా ఇంతే,
ముందు నింద పడేది మాట్లాడేదాని మీదే.

ఆ తెరకి చేతుల్లేవు, తడిమి చూడ్డానికి.
ఎక్కడో వేడి నూనెలో మునిగే చిన్న కడ్డీ
ఇన్ని ఓములని పంపిస్తే
డిగ్రీల్లోకి మార్చి చదువుతుంది,
ఎవరిదో ఉత్తరం చదివిపెట్టే బడిపిల్లాడిలా.

టెక్కలి ఐటీఐలో గవరయ్య సారు
తడి బోర్డు మీద రాసిన పట్టిక ఇంకా గుర్తుంది:
సున్నా డిగ్రీలకి నూరు,
ఆపైన డిగ్రీకి ఓములో మూడోవంతు పైచిలుకు.
మీటరు పెట్టాను.
బోర్డు దగ్గర నూటనలభై రెండు.
కడ్డీ దగ్గర నూటపదకొండు.
నూటపదకొండంటే ఇరవైతొమ్మిది డిగ్రీలు,
అంటే ఈ పొద్దు, ఈ షెడ్డు, నా చొక్కా.
మిగిలిన ముప్పైయొకటీ
దారిలో ఎవరో కలిపారు.

మూడు మీటర్ల వైరు.
వేళ్ళతో దాని వెంట నడవడం మొదలెట్టాను.

పక్క హాల్లో చాపల మీద పద్నాలుగు మంది ఆడవాళ్ళు
గుండు, బద్ద, ముక్క, నల్లపప్పు ఏరుతున్నారు.
గాలి ఉన్నన్నాళ్ళూ ఆ పని సార్టరుది.
కెమెరా చూస్తుంది, సూదంత నోటితో ఉఫ్ మంటుంది,
నల్లపప్పు పక్కకి ఎగిరిపడుతుంది.
గాలి ఆగి రెండ్రోజులు.
వీళ్ళకి కూలి దొరికీ రెండ్రోజులే.
నేను సంచితో లోపలికొస్తుంటే
ఎవరూ పలకరించలేదు.

నీళ్ళు తెచ్చిన దాలమ్మ మీటరు చూసి ఆగింది.
"బాబూ, ఇది ఏళ్ళు కూడా సూత్తాదేటి?
రేషన్ మిషనీ నన్ను నాను కాదంతంది."
ముప్పయ్యేళ్ళు జీడినూనె తాగిన వేళ్ళు.
తుడిచి తుడిచి అరిగిన పలకలా ఉన్నాయి కొసలు.
తమాషాకే, రెండు చేతులకీ చెరో ప్రోబూ ఇచ్చాను.
అంకె ఎక్కడా నిలవలేదు.
లక్షల్లో తచ్చాడి తచ్చాడి
చివరికి నా లెక్కకి అందదని చూపించింది.
"ఎంతొచ్చింది?"
దానికి గవరయ్య సారు పట్టిక ఇవ్వలేదు.
"బేటరీ అయిపోయింది పిన్నీ" అన్నాను.

కనెక్టరు మోటారు వెనకాల దొరికింది.
ప్లాస్టిక్ టోపీ కింద, సముద్రపు గాలికీ జీడిపొగకీ
పచ్చబడిన పిన్ను.
చీమ తలంత పచ్చదనం, ముప్పైయొక్క ఓములు.
కోసి, వైరు చివర ఒలిచి, కొత్త లగ్గు నొక్కి,
పైన ట్యూబు తొడిగి లైటరు చూపించాను.
తెర ఇరవైతొమ్మిది అంది.
వైరు పట్టుకుని కుదిపాను.
ఇరవైతొమ్మిదే.

స్టార్ట్ నొక్కితే మోటారు మూలిగింది.
నాలుగు బార్లు, ఐదు, ఏడు.
గోడకవతల సార్టరు. టిక్. టిక్ టిక్.
ఎనభై ఐదు వేలు మిగిలిన షావుకారు
ఐదొందలూ, అరకిలో బద్దపప్పూ చేతిలో పెట్టాడు.

హాల్లో ఒక్కొక్కరే లేస్తున్నారు.
"బాగైపోనాదేటి?" అంది దాలమ్మ,
నన్ను కాదు, కంప్రెసర్ని.
చాప గుమ్మం దాకా తెచ్చి గట్టిగా దులిపింది.
ఎర్రటి పొట్టు గాల్లో లేచి, కాస్త ఆలోచించి,
మిషను ఊపిరి పీల్చే జాలీ మీద వాలింది.
నేను చూశాను.
ఆవిడా చూసింది.
స్పానర్లు సంచిలో వేసుకున్నాను.