పచ్చి దానిమ్మ

గుంతకల్లులో లారీ రేడియేటర్లకు మాటు వేసేవాణ్ణి.
ఇత్తడి తెలుసు నాకు, తగరం తెలుసు,
నవసాగరం పొగకు కండ్లు మండేది తెలుసు.
గాజు తెలీదు.
ఆ మాటే చెప్పినా సువార్తమ్మకు.
"తెలిసినోళ్లు హైదరాబాదులో ఉండారంట," అనింది,
"నువ్వు ఈ సందులో ఉండావు."

తువ్వాల విప్పితే
అరచేయంత దానిమ్మపండు.
గాజుముక్కల నడుమ సీసం,
మడికీ మడికీ నడుమ గెనిమల మాదిరి.
కిటికీ తీగ తెగి నాపరాయి మీద పడిందంట.
సగం పండుంది, సగం పొడి.

పెనిమిటి చేసినాడంట దాన్ని.
యోబయ్య, రైల్వే దీపాల గదిలో పని.
పొద్దుగూకితే కిరసనాయిలు డబ్బా పట్టుకొని
సిగ్నల్ స్తంభాలెక్కి దీపాలు పెట్టి దిగేటోడు.
కరెంటొచ్చి ఆ పని పోయినాక
పారేసిన ఎర్రద్దాలు ఏరుకొచ్చి,
వజ్రపు కలం ఎవరినో బతిమాలి తెచ్చి
ఒక వానకాలమంతా కోసినాడు.
"రైళ్లను నిలబెట్టిన ఎరుపే ఇది," అనేవాడంట,
"నీ కిటికీలో మాగబెట్టినా."

పాత సీసం గీకతా ఉంటే
ఒకచోట తళుక్కుమనింది.
ముక్క చాలక సందు మిగిలితే
సిగరెట్ పెట్టెలోని వెండికాగితం మడిచి
కూరి పెట్టినాడు యోబయ్య.
ఒక్కణ్ణే నవ్వుకున్నా.
పనోని దొంగతనం పనోనికే చిక్కుతుంది.

నాలుగు గింజలు అతికినా.
ఐదోది, అన్నిటికంటే పెద్దది,
అంత ఎత్తునుంచి పడినా గీత పడనిది,
నా కడ్డీ వేడికి
టిక్కుమనింది.
అంతే. చెవి పక్కన ఎవరో గోరు విరిచినట్టు.

ఆ రాత్రి అన్నం సయించలేదు.
తెల్లారి బస్సెక్కి డోన్ పోయినా, ఆడ లేదు.
ప్లాస్టిక్ ఎరుపు కావాల్సినంత ఉంది.
గాజులంగట్లో ఎరుపుంది గానీ అది వంకర.
ఆఖరికి గుత్తి పాతసామాన్ల అంగట్లో
తూకానికి పడిన చేతిలాంతరు దొరికింది,
దానికి మిగిలింది ఒకటే అద్దం.
పచ్చది.

చెప్పక తప్పలేదు.
"పడేసింది గాలి. దీన్ని పగలగొట్టింది మాత్రం నేనే."
సువార్తమ్మ ఏమీ అనలేదు.
వీధిలో లారీ ఎనక్కి వస్తా ఉంది,
క్లీనర్ పిల్లోడు "రానీ రానీ" అని
రేకు మీద కొడతా ఉండాడు.
ఆ చప్పుడు నిలిచినాక
పచ్చముక్కను ఎండకు పట్టి చూసింది.
ఆమె గదమ మీద ఆకురంగు పడింది.

"పెట్టు," అనింది.
"పండులో పచ్చి గింజా? ఎవరైనా నవ్వుతారు."
"ఎర్రలైటు కింద చానా దినాలు నిలబడినా,
కుళ్లాయీ. పెట్టు."

కడ్డీని ఈసారి ఆరనిచ్చి, ఆరనిచ్చి
ఊపిరి బిగబట్టి అతికినా.
నాకూ ఒక సందు మిగిలింది.
సిగరెట్లు మానేసి ఆరేండ్లాయ.
టీపొడి పొట్లం రేకు మడిచి కూరి
పైన తగరం పూసినా.
అది ఆమెకు చెప్పలేదు.

పోతా పోతా పగిలిన ఎర్రముక్కలు అడిగింది.
లెక్కబెట్టి పొట్లం కట్టిచ్చినా.
ఒకటి తక్కువైంది.
పొద్దున అంగడి ఊడ్చేటప్పుడు
చీపురు కింద ఏదన్నా మెరిస్తే
ఇప్పటికీ వంగి చూస్తా.
చానాసార్లు అది తగరం బొట్టు.