పలక మోత

ఒంగోల్లో "మీ గురించి చెప్పండి" అన్నాడాయన.
మార్కాపురం నుంచి పొదిలి దాకా బస్సులో వల్లించిందంతా
ఆగకుండా ఒప్పజెప్పా.
అతిగా కష్టపడటమే నా బలహీనత అని కూడా అన్నా.
వాళ్ళు అమ్మేదేంటో మాత్రం తెలుసుకుని పోలేదు.

పలకల షెడ్డులో మస్తాన్‌బీ
కణుపుతో ఒక్కో పలకా తట్టి వింటోంది.
మోగింది ఇటు, బొంగురుది అటు.
"ఇంతకీ నువ్విక్కడ చేసేదేంట్రా?"

రాయి ఏ పొర దగ్గర విడుతుందో
ఉలి పెట్టకముందే కనిపెడతా.
పగిలిందంటే తప్పు నాది, రాయిది కాదు.

"మరి ఇది చెప్పలేదే?"
అడగలేదు పెద్దమ్మా.
"అడిగాడు గదరా, మొదటే."

గురువారం చీమకుర్తి. గ్రానైటు కంపెనీ.
చొక్కా ఇస్త్రీ అయింది.
గోళ్ళలో పలకపొడి
ఎంత తోమినా పోలా.
ఉండనీ అనుకున్నా.