జానెడు ఎత్తిన తలుపు

లాకుల పక్కన పాత ఇన్‌స్పెక్షన్ బంగళా, మేడ మీది గది.
గోడకి మూడు బొమ్మలు అంటించాం,
మూడూ ఒకే తూముకి.

మొదటిది, ఏ భాగం దేనికి చుట్టమో చెప్పేది:
తలుపు, మరకడ్డీ, మోటారు, కొలబద్ద, లస్కరు.
రెండోది, ఎవరు ఎవర్ని ఎప్పుడు పిలుస్తారో:
కొలబద్ద కబురంపుతుంది, మోటారు ఊఁ కొడుతుంది.
మూడోది నాది. తలుపు పడే అవస్థలు.
"మూసి ఉంది", "తెరిచి ఉంది",
మధ్యలో పోను ఒక బాణం, రాను ఒక బాణం.

టీ తెచ్చిన లస్కరు సత్తిపండు
మూడో కాగితం ముందు నిలబడిపోయాడు.
"ఇదేంటండీ, మా తలుపుకి రెండే బుద్ధులా?
దాళవాలో వంతు రోజున జానెడే ఎత్తుతామండి.
దాన్ని మూసిందంటారా, తెరిచిందంటారా?"

ముందు పెన్సిలుతో, తర్వాత తెర మీద
ఇంకో గుండ్రం గీశాను. లోపల "జానెడు" అని రాశాను.

సాయంత్రానికి రెండో బొమ్మ అబద్ధమైంది:
మోటారుకి జానెడన్న మాట వినడం రాదు.
మొదటి బొమ్మలో తలుపుకి ఎత్తు అనే గడే లేదు.
ఫణిదుర్గ రాసిన కోడులో
అవునుకీ కాదుకీ తప్ప చోటు లేదు.
తెర నిండా పదిహేడు ఎర్ర చుక్కలు,
తట్టు పోసినట్టు.

ఫణిదుర్గకి ఎరుపు చూస్తే నిద్ర పట్టదు.
రాత్రి "అన్నీ కలిపేయి" మీట నొక్కి ఇంటికెళ్లింది.
తెల్లారేసరికి ఒక్క చుక్క లేదు.
మూడు బొమ్మలూ ముద్దుగా ఒకే మాట మీదున్నాయి:
మూసి ఉంది, తెరిచి ఉంది.
పాత బొమ్మలు రెండు, కొత్తది ఒకటి,
యంత్రం ఓట్లు లెక్కపెట్టింది.

కోపం రాలేదని చెప్పను.
దిగి వెళ్లి లాకు గట్టు మీద కూచున్నాను.
పూడిక తీసే పంటు ఒకటి ఎగువ నుంచి వచ్చి ఆగింది,
ముక్కుకి గుర్రపుడెక్క చుట్టుకుని.
ఎగువ కొలబద్ద మీద ఒక అంకె,
దిగువ దాని మీద ఇంకో అంకె.
కాలవ ఒకటే.
ఏ కొలబద్దా అబద్ధం చెప్పడం లేదు.

సత్తిపండు పంటుని గదిలోకి రానిచ్చాడు, వెనక తలుపు మూశాడు.
దిగువ తలుపు జోలికి మాత్రం పోలేదు.
దాని అడుగునున్న చిన్న కంతని తిప్పి
బీడీ ముట్టించాడు.
"ఇప్పుడే తీసేస్తే ఏమవుద్ది?"
"అంత నీరు మీదెట్టుకుని రాదండి. బలవంతం చేస్తే ఇరుగుద్ది.
దిగనివ్వండి, ఆయ్."
బీడీ అయిపోయింది.
నీరూ నీరూ ఒక మట్టానికొచ్చాక
అంత తలుపుకీ ఒక్క భుజం సరిపోయింది.

పైకెళ్లి నిన్నటి కాపీ బయటికి తీశాం.
పదిహేడు చుక్కలూ తిరిగొచ్చాయి. రానిచ్చాం.
ఒక్కోదాని పక్కన ఫణిదుర్గే రాసింది,
ఏది దేనితో తగువో, ఎవరు తీర్చాలో, ఎప్పటికో.
ముందు తలుపుకి ఎత్తు. తర్వాత మోటారు చెవిలో ఆ మాట.
శుక్రవారానికి తొమ్మిది మిగిలాయి.
మళ్లీ వంతు వచ్చేసరికి నాలుగు.

ఇవాళ ఒక్కటే ఉంది.
తాటిదుంగ అడ్డం పడి ఇరుక్కున్నప్పుడు
మోటారు మూసేశానంటుంది,
దిగువ కొలబద్ద లేదంటుంది.
దాన్ని ఏ గుండ్రంలో పెట్టాలో మా ఇద్దరికీ తెలియలేదు.
సత్తిపండుని అడగాలి.
రేపు అతనికి సెలవు.
చుక్కని అలాగే ఉంచి, దీపం ఆర్పి వచ్చాం.