మూడో ట్రే

షాద్‌నగర్ దాటినంక, ఎడమ దిక్కు,
రేకుల హ్యాచరీ.
పంతొమ్మిదేండ్ల సంది అక్కడ
నా బొటనవేలికి జీతం.

పిల్ల తడారంగనే
చేతికి తీస్కొని రెక్క విప్పుత.
రెండు వరుసల ఈకలు.
కింది వరుస పొడుగుంటే పెట్ట,
రెండూ సమానముంటే పుంజు.
గంటకు వెయ్యి.
పెట్ట కుడి డబ్బాల, పుంజు ఎడమ డబ్బాల.
కుడి డబ్బాకు టీకా, దాణా,
ఏడాదికి మూడు నూర్ల గుడ్ల లెక్క.
ఎడమ డబ్బా ఏడికి పోతదో
తొలి ఏడు అడిగిన.
మలి ఏడు అడుగుడు మానేసిన.

అందుట్ల కొన్ని మాత్రం ఊర్లు చూసేవి.
మహమూద్ బేగు టీవీఎస్‌కు గంపలు గట్టుకొచ్చి,
గులాబి రంగుల, చిలుకపచ్చల ముంచి,
జడ్చర్ల అంగట్ల, దేవరకద్ర అంగట్ల
పాత ఇనుముకు, రాలిన ఎంట్రికలకు ఇచ్చేటోడు.
పోరగాండ్లు ఎగవడి తీసుకునేటోళ్లు.
రంగు ఇడవకముందే
అవి పానం ఇడిసేవి.

ఇప్పుడు కొత్త మిషినొచ్చింది.
దాంతోని ఇంజినీరు పిల్ల అలేఖ్య, మిర్యాలగూడమ్మాయి.
నాలుగో దినం గుడ్డుకు గోరంత కిటికీ కోస్తది.
లోపల నెత్తుటి దారాలు, సాలెగూడంత పలుచన,
నడుమ ఒక చుక్క కొట్టుకుంటది.
దాని మీద కంటికానని వెలుగు ఏస్తది.
వెలుగు పోయి, నెత్తురును తాకి, తిరిగొచ్చి
తెర మీద గీత గీస్తది,
కురుమూర్తి గుట్టల వరుస లెక్క.
"ఇగో అక్కా, ఈ గుట్ట ఆవగింజంత ఎత్తుంటే పుంజు."

మా అవ్వ వింటే నవ్వేది.
ఆమె గుడ్డును పిడికిట్ల వట్టి పొద్దుకు ఎదురు సూసేది.
కోసుగుంటే పుంజు, గుండుగుంటే పెట్ట.
సగం నిజమయ్యేది.
సగం ఎట్లయినా నిజమయ్యేదే.

మిషిన్ సెప్పింది నిజమా కాదా సూడనీకె
ఆ గుడ్లనే పొదిగిచ్చి, పుట్టిన పిల్లలను
మూడు నెలలు నా ముందర పోసిన్రు.
నేను పుంజంటే అలేఖ్య పుస్తకంల పుంజు.
నూటికి నాలుగు తప్పేది మిషిన్.
నేను దిద్దేదాన్ని.
దిద్దిన కొద్దీ నేర్సింది.
నా కొలువుకు నేనే సదువు సెప్పి పంపినట్టయింది.
కోపం రాలే.
ఎడమ డబ్బా ఉండదిగ.
నొప్పి ఎరుగకముందే, నోరు తెరిసి కియ్యిమనకముందే
గుడ్డు గుడ్డుగనే పక్కకు వోతది.
మంచిదే అన్న.
ఆ రాత్రి నిద్ర పట్టలే.

మొన్న బిడ్డను పాలమూరుల స్కానింగుకు తీస్కపోయిన.
గోడకు బోర్డు: లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం.
లోపల తెర మీద కొట్టుకుంటున్నది
మా గుడ్డుల చుక్క అసొంటిదే.
ఆడ ఆడపిల్లకు గండం,
ఈడ పుంజుపిల్లకు.
మా షెడ్డుకు ఏ బోర్డూ లేదు.
బిడ్డ నా చెయ్యి వట్టి మెల్లగ
"నీకు సూస్తే తెలుస్తదా అమ్మా?" అన్నది.
బొటనవేలు పిడికిట్ల దాసుకున్న.

మిషినుకు మూడు ట్రేలు.
పెట్ట. పుంజు.
గీత అటూ ఇటూ గాక నడుమ ఆగిపోతే మూడోది,
దినాం పది పదిహేను.
ఆఖరి దినం అందుట్లకెళ్లి ఒకటి అడిగిన.
"ఏం జేస్తవక్కా?"
"ఏం జెయ్య."
కిటికీకి తెల్ల ప్లాస్టరు అతికిచ్చి ఇచ్చింది.
కొంగుల సుట్టి, పొట్టకానిచ్చి,
నిలవడే జాగ లేని ఆర్టీసీ బస్సుల తెచ్చిన.
ఒకామె నన్ను జూసి లేసి సీటిచ్చింది,
ఎందుకో ఆమెకే తెల్వాలె.

నాటుకోడి కింద పెట్టిన.
పదిహేడో దినం పొద్దుగాల
ప్లాస్టరు పక్కకెళ్లి ముక్కు.

తడారింది. నూకలేరుతున్నది.
నా అరచేతిలకు తానే ఎక్కి కూసుంటది.
ఏలు దానికదే రెక్క కిందికి పోతది,
ఆపుత.

గోడ మీదికెళ్లి మాసమ్మ అడిగింది,
"కుర్మమ్మా, పుంజా పెట్టనా?"

పంతొమ్మిదేండ్లల్ల మొదటిసారి
తెల్వదన్న.