ఒక సున్నా తేడా

హల్ ఊళ్ళో, హంబర్ నది మంచు
అద్దాలకి ముఖం ఆనించి చూసే వృద్ధాశ్రమంలో
నా మొదటి రాత్రి డ్యూటీ.
తెల్లారి ఆరున్నరకి రిజిస్టర్లో రాశాను:
పన్నెండో గది, క్వైట్ నైట్.

పన్నెండో గది అంటే మ్యూరియల్ ఓల్డ్‌రాయిడ్.
ముప్పై ఒక్కేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి.
ఆమె మంచం పక్కన కూర్చుని రాయడం నా తప్పు.
దిండు కిందనుంచి ఎర్ర పెన్సిలు తీసి
చివరి రెండక్షరాల్నీ చెవులు పట్టి లేపి
ఒకదాని చోట ఇంకొకదాన్ని కూర్చోబెట్టింది, క్వయెట్ అని.
"నిశ్శబ్దంగా గడిచిందంటావా,
ఓ మాదిరిగా గడిచిందంటావా?"
"రెండూనండీ" అన్నాను.
నవ్విన నవ్వుకి పళ్ళసెట్టు ఊడి ఒళ్ళో పడింది.

అదీ రాయాలి కదా, రూలు.
పళ్ళు వదులయ్యాయని రాయబోయి
పోగొట్టుకుంటోందని రాసి ఇంటికెళ్ళి పడుకున్నాను.
పగటి డ్యూటీవాళ్ళు సాయంత్రం దాకా
మంచాల కింద, చెత్తబుట్టల్లో, లాండ్రీ మూటల్లో
వెతుకుతూనే ఉన్నారట
ఆమె నోట్లో భద్రంగా ఉన్న పళ్ళ కోసం.
ఆమె మాత్రం నోరు మూసుకుని తమాషా చూసింది.
"రెండు ఓలుంటే వదులు" అంది ఆ రాత్రి,
"ఒకటి రాలిందా, ఇక పోయినట్టే."

మా నాన్న గుర్తొచ్చాడు.
తునిలో ట్రెడిల్ మిషను మీద
పెళ్ళికార్డులు, కరపత్రాలు వేసేవాడు.
సీసపు అక్షరాల పెట్టెలో సున్నాలకి ఎప్పుడూ కరువే.
రిటైరైన మాస్టారికి బళ్ళో ఇచ్చిన కలం
కరపత్రంలో సున్నా రాలి కల అయిపోయింది.
డబ్బులివ్వం పొమ్మన్నారు.
"పెన్ను ఎవరైనా ఇస్తారండీ,
కల ఇచ్చినవాళ్ళెవరు?" అన్నాడు నాన్న.
సగం డబ్బులు ఇచ్చారు.

మ్యూరియల్‌కి ఇది తెగ నచ్చింది.
కలం, కల అని నేర్చుకుంది.
కళ దగ్గర మాత్రం ఆగిపోయింది.
నాలుక మడవమంటే కనుబొమలు మడిచేది.
ఆమె నోట్లో కలా కళా ఒకటే.
పోనీలే అనుకున్నాను.
పడుకోవడాన్నీ అబద్ధమాడటాన్నీ
ఒకే మాటలో పడుకోబెట్టిన భాష ఆమెది.
'ఈవిడ రాత్రంతా లయింగ్' అని నేను రాస్తే
"నిజమే, ఒక్కటీ నిజం చెప్పలేదు" అని
మార్జిన్‌లో సంతకం పెట్టిన మనిషి ఆమె.

ఫిబ్రవరిలో స్ట్రోక్ వచ్చింది.
మాట పోయింది. రాత మిగిలింది,
కాస్త వదులుగా.
దువ్వెన కావాలంటే స్పూన్ అని రాసేది.
కిటికీ తెరవాలంటే బుధవారం.

ఒక రాత్రి పలక మీద డెజర్ట్ అని రాసింది,
ఒక్క ఎస్‌తో.
కొత్తగా చేరిన డెక్లన్ పాపం,
ఎడారి అనుకుని జగ్గుడు నీళ్ళు తెచ్చాడు.
ఆమె తల అడ్డంగా ఊపింది, కోపంగా,
ఎవరి మీదో తెలియని కోపం.

నాకు ఆ మాట ఎలా గుర్తుంటుందంటే,
ఎడారికి ఒక ఎస్ చాలు, ఒంటరి ఒంటెలా.
తీపికి రెండు కావాలి,
ఇంకో గరిటె పాయసం వడ్డించినట్టు.
ఫ్రిజ్‌లోంచి కస్టర్డ్ తెచ్చాను.
తింటూ తింటూ
ఎర్ర పెన్సిలు నా వైపు చాచింది,
దిద్దమని.
నేను దిద్దలేదు.
కప్పులో ఇంకో గరిటె వేశాను.

ఆరున్నరయింది. రిజిస్టర్ తెరిచాను.
పన్నెండో గది, క్వైట్ నైట్ అని రాసి
తెరిచిన పేజీని ఆమె ఒళ్ళో వదిలి
కిటికీ దగ్గరికి వెళ్ళాను.
వెనకనుంచి పెన్సిలు చప్పుడు వస్తుందేమోనని
కర్టెన్లు
మరీ నెమ్మదిగా తీశాను.