నాలుగు కలుపుకో

పోయినేడు సాలూరు ఘాటీలో గేర్‌బాక్సు కాలినప్పుడు
ముందు తెలిసింది నాకు కాదు, ఏసుపాదానికి.
గేరు రాడ్డు పక్కన రేకు మీద అరచెయ్యి ఆనించి
"బాబూ, జ్వరం" అన్నాడు.
నేను వినలేదు.
ఇంకో మలుపు, ఇంకొక్క మలుపు అనుకుంటూ తోలాను.
పన్నెండు వేల కాయ లోడు మీద
రెండు రాత్రులు కొండలో పడుకున్నాం.

ఇప్పుడు ఏసుపాదం బండెక్కడం లేదు. మోకాళ్ళు.
కొత్త కుర్రాడి చేతులెప్పుడూ ఫోను మీదే.
అంబాజీపేటలో లోడు లేటని తెలిసి
బండిని కాలేషా షెడ్డుకి తోలుకెళ్ళాను.

పాత సామాన్ల డబ్బా బోర్లించి ఒక మీటరు ఏరాడు.
అంతర్వేదిలో విప్పేసిన చేపల బోటుదట.
అద్దం లోపలి అంచున ఇంకా తెల్లగా ఉప్పు.
"సముద్రం చూసొచ్చిన ముల్లండి ఇది,
మీ గేర్‌బాక్సుకి జడుస్తుందా?"

అయినా పరీక్ష పెట్టాడు.
ఎదురుగా మరిడమ్మ టీ కొట్టు.
మరుగుతున్న నీళ్ళలో సెన్సారు ముంచి
బ్యాటరీ తీగలు బెంచీ మీదికి లాగాడు.
"పాలల్లో ముంచకు నాయనా, ఇత్తడి కంపొత్తాది."
గ్లాసులు పట్టుకుని జనం మూగారు,
ఓట్ల లెక్కింపు చూస్తున్నట్టు.
అరవై. ఎనభై.
తొంభై ఆరు దగ్గర ఆగి ముల్లు ఇక కదల్లేదు,
నీళ్ళు మాత్రం తెర్లుతూనే ఉన్నాయి.
"నాలుగు తక్కువ చెబుతోంది. నువ్వు నాలుగు కలుపుకో."
సరే.
మా ఓనరు చెప్పే కిరాయిలోంచి ఏళ్ళ తరబడి తీసేసుకుంటున్నవాణ్ణి,
కలుపుకోడం ఎంతసేపు.

బండి కిందికి దూరాం.
డ్రెయిన్ బోల్టు విప్పితే దిగిన నూనె
అడుగంటిన పానకం నలుపు.
బోల్టు చివర అయస్కాంతానికి ఇనప రజను
గొంగళిపురుగులా బొచ్చు కట్టి ఉంది.
కాలేషా దాన్ని వేలితో తుడిచి నా ముందు పెట్టాడు.
"ఇవిగో, నీ మలుపులు."

ఆ బోల్టు చోట సెన్సారు. కొత్త నూనె.
సైలెన్సరుకి ఆనకుండా చుట్టు తిప్పి
ఫ్లోరు రబ్బరు సందులోంచి తీగ పైకి.
స్పీడు మీటరు పక్కన కన్నం కొడితే
మా పాప అంటించిన సీతాకోకచిలుకకి ఒక రెక్క పోయింది.

తాళం తిప్పాం. ముల్లు పడుకునే ఉంది.
మళ్ళీ తిప్పాం. దొంగనిద్ర.
కాలేషా తీగని తిట్టాడు, బోటుని తిట్టాడు,
ఆఖరికి రంగుని తిట్టాడు.
ఎర్తు బిగించింది పెయింటు మీద!
ఉప్పుకాగితంతో రుద్దితే
నీలం పోయి, దాని కింద ఎరుపు పోయి,
ఉత్త ఇనుము బయటపడ్డాక
ముల్లు ఒళ్ళు విరుచుకుంది.

మా కోనసీమలో ఎక్కుడంటే వంతెనలే.
రావులపాలెం దాటి లోడుతో గౌతమి మీదికెక్కాను.
కుర్రాడు ఫోను జేబులో పెట్టాడు.
"అన్నా, యాభై ఎనిమిది."
"అన్నా, యాభై తొమ్మిది."
ఏదీ అని నేనూ చూశాను,
జొన్నాడ దిగువన గేదె తోక వెంట్రుకవాసిలో తప్పింది.
తర్వాత చాలాసేపు ఇద్దరం రోడ్డునే చూశాం.

ఘాటీలో అర్ధరాత్రి. తొంభై మూడు.
నాలుగు కలిపాను.
ఇంకో మలుపు అంటాడు లోపలి పాతవాడు.
ఆపేశాను.
తాళం తీయగానే ముల్లు సున్నాకి పడింది.
"చల్లారిపోయిందన్నా!" అన్నాడు కుర్రాడు.

వాడి చెయ్యి పట్టుకుని
గేరు రాడ్డు పక్కన రేకు మీద ఆనించాను.
"తియ్యకు. కాసేపుంచు."

కింద ఎక్కడో చీకట్లో
ఎవరిదో లారీ గేరు మారుస్తోంది,
కాస్త ఆలస్యంగా.